ఫోను కిందపడిన సంగతి సర్వీస్ సెంటర్‌లో చెప్పాలా? వారంటీ, ప్రమాద నష్టం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో ఒక సర్వీస్ సెంటర్ కౌంటరు వెనక ఆరేళ్లు కూర్చున్నాను. ఆ ఆరేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఒకటే: "మేమేమీ చేయలేదండీ, దానంతట అదే ఆగిపోయింది." అలా చెప్పినవాళ్లలో చాలామంది నిజమే చెప్పారు. కొందరు చెప్పలేదు. ఆ కొందరి వల్ల మిగిలిన అందరినీ అనుమానంగా చూడడం మాకు అలవాటైపోయింది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. బంధువులు, స్నేహితులు, ఇరుగుపొరుగువారు ఈ విషయంలో నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

వారంటీ దేనికి వర్తిస్తుంది?

తయారీలో దొర్లిన లోపానికి. విడిభాగం నాసిరకంగా ఉండడం, అతుకు సరిగా పడకపోవడం, మామూలుగా వాడుతున్నా ఏదో ఒక భాగం పని మానేయడం, ఇవన్నీ దాని కిందికి వస్తాయి. మన దేశంలో ఫోనుకు సాధారణంగా ఏడాది వారంటీ ఉంటుంది. పెట్టెలో వచ్చే ఛార్జరు, కేబుల్ వంటివాటికి చాలా కంపెనీలు ఆరు నెలలే ఇస్తాయి. కిందపడడం, నీళ్లలో మునగడం, బరువు కింద నలగడం ప్రమాదాలు. వాటికి వారంటీ వర్తించదని పెట్టెలోని చిన్న అక్షరాల కాగితం మీదే రాసి ఉంటుంది.

చెబితే వారంటీ పోతుంది. మరి ఎందుకు చెప్పాలి?

ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు దాగి ఉంది. వారంటీని తీసేసేది మీ మాట కాదు, ఫోనుకు తగిలిన దెబ్బ. మీరు చెప్పినా చెప్పకపోయినా ఆ దెబ్బ ఫోను లోపలే ఉంటుంది, లోపలంతా తెరిచి చూసినప్పుడు కనబడుతుంది.

దాచడం వల్ల జరిగేది ఇది. మీరు "దానంతట అదే ఆగింది" అని చెప్పి ఫోను ఇచ్చి వెళతారు. టెక్నీషియను ముందు సాఫ్ట్‌వేర్ చూస్తాడు, తరువాత బ్యాటరీ మార్చి చూస్తాడు, ఆ తరువాత ఛార్జింగ్ భాగం. చివరికి బోర్డు (ఫోనును నడిపించే భాగాలన్నీ అతికించి ఉండే లోపలి పలక) మీద తుప్పు కనబడుతుంది. ఈలోగా రెండు మూడు రోజులు గడిచిపోతాయి. నీళ్లు తగిలిన బోర్డుకు ఆ రోజులే ప్రాణం. తడిసిన రోజే శుభ్రం చేసి ఉంటే బతికే బోర్డు, నాలుగో రోజుకు పనికిరాకుండా పోతుంది. అందులోని ఫోటోలు, కాంటాక్టులు కూడా దానితోనే పోవచ్చు.

ఒక సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక పెద్దాయన షర్టు పై జేబులో ఫోను పెట్టుకుని, నీళ్ల తొట్టె మీద వంగినప్పుడు అది జారి పడింది. కౌంటరు దగ్గరకు వచ్చి మొదటి మాటగానే ఆ సంగతి చెప్పారు. "డబ్బు ఎంతైనా కడతాను బాబూ, అందులో మా ఆవిడ గొంతు ఉంది" అన్నారు. వెంటనే తెరిచి, బ్యాటరీ కనెక్షను తీసి, బోర్డు శుభ్రం చేశాం. ఫోను పూర్తిగా కోలుకోలేదు గానీ, ఆ రికార్డింగులు బయటికి తీయగలిగాం. ఆయన ఆ మాట దాచి ఉంటే మేము ముందు ఛార్జరు పెట్టి చూసేవాళ్లం. తడి బోర్డు మీద కరెంటు పడి ఉండేది.

కిందపడిందో, లోపమో వాళ్లకు ఎలా తెలుస్తుంది?

కొన్ని ఆనవాళ్లు స్పష్టంగా మాట్లాడతాయి.

చాలా ఫోన్లలో, ఎక్కువగా సిమ్ పెట్టే అరలో, తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కరు ఉంటుంది. మామూలుగా తెల్లగా ఉండేది నీరు తగలగానే ఎర్రగానో గులాబీ రంగులోనో మారుతుంది. లోపల బోర్డు మీద కూడా అలాంటివి ఉండవచ్చు. నీళ్లు ఆరిపోయినా వాటిలోని ఉప్పు, ఖనిజాలు తెల్లటి పొడిలా మిగులుతాయి. రాగి ఉన్న చోట పచ్చగా తుప్పు పడుతుంది. భూతద్దం కింద పెడితే ఇది దాగదు.

అద్దం సంగతి మరీ తేలిక. దెబ్బ తగిలిన చోట ఒక కేంద్రం ఉంటుంది, పగుళ్లు అక్కడి నుంచి సాలెగూడులా నాలుగు వైపులా పాకుతాయి. అదే చోట ఫ్రేము మీద చిన్న సొట్ట కూడా ఉంటుంది. అద్దం పైకి బాగానే ఉండి లోపలి డిస్‌ప్లే నలిగితే, సిరా ఒలికినట్టు నల్లటి మరక కనబడి రోజురోజుకూ పెరుగుతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైనది ఆకుపచ్చ గీత. అద్దం మీద ఒక్క గీటు కూడా లేకుండా, తెర పైనుంచి కిందిదాకా సన్నని నిలువు గీత ఒకటి వస్తుంది. కొన్ని మోడళ్లలో ఇలా వచ్చినప్పుడు కంపెనీలు వారంటీ గడువు దాటాక కూడా ఉచితంగా తెర మార్చిన సందర్భాలు ఉన్నాయి. మీ తెర మీద అలాంటి గీత ఉండి, ఫోనుకు ఏ దెబ్బా తగలకపోతే, గట్టిగా అడగండి. బ్యాటరీ ఉబ్బి వెనక పలకను పైకి నెట్టడం కూడా చాలాసార్లు మీ తప్పు కాదు. కానీ అలాంటి ఫోనును నొక్కవద్దు, ఛార్జింగ్ పెట్టవద్దు, నేరుగా సెంటరుకు తీసుకువెళ్లండి.

ప్రకటనలో ఫోనును నీళ్లలో ముంచి చూపిస్తారు. మరి నీళ్లు తగిలితే వారంటీ ఎందుకు ఇవ్వరు?

ఈ కోపం న్యాయమైనదే. ఫోను నీళ్లను, దుమ్మును ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే ఐపీ67, ఐపీ68 అనే రేటింగులు ప్రయోగశాలలో మంచినీటితో, కొత్త ఫోనుతో చేసిన పరీక్షకు సంబంధించినవి. ఐపీ67 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు. ఐపీ68 అయితే లోతు, సమయం ఎంతన్నది కంపెనీయే ప్రకటిస్తుంది. సముద్రపు నీరు, సబ్బు నీరు, ఈత కొలనులోని క్లోరిన్ నీరు ఆ లెక్కలోకి రావు. ఫోను ఒకసారి కిందపడితే, లేదా ఒకసారి తెరిచి మూస్తే, అంచుల్లోని జిగురు మునుపటిలా ఉండదు. అందుకే రేటింగు ఉన్న ఫోన్లకు కూడా ద్రవం వల్ల కలిగే నష్టాన్ని కంపెనీలు వారంటీ నుంచి తప్పిస్తాయి. ప్రకటనలో నీటి తుంపర్లను పెద్దగా చూపి, ఈ షరతును చిన్న అక్షరాల్లో దాచడం మాత్రం నిజాయితీ అని నేను ఒప్పుకోను. నిజం చెప్పాల్సిన బాధ్యత కొనేవాడికి ఎంత ఉందో అమ్మేవాడికీ అంతే ఉంది.

నా ఫోను మూలన సొట్ట ఉంది. కానీ సమస్య మైకులో. సొట్ట సంగతి చెప్పాలా?

చెప్పాలి. చెప్పిన తరువాత, మైకు సమస్యకు ఆ సొట్ట కారణం కాదని మీరు నమ్మితే ఆ మాట మీద గట్టిగా నిలబడాలి.

జనం ఎక్కువగా తడబడేది ఇక్కడే. నిజాయితీ అంటే జరిగింది చెప్పడం. జరగనిదాన్ని నెత్తిన వేసుకోవడం కాదు. "ఆరు నెలల క్రితం కిందపడి పై మూల సొట్టపోయింది. ఆ తరువాత ఐదు నెలలు మైకు బాగానే పనిచేసింది. పోయిన వారం నుంచి అవతలివాళ్లకు నా మాట వినబడడం లేదు. మైకు కింది వైపు ఉంది." ఇలా తేదీలతో చెప్పిన మనిషిని తోసిపుచ్చడం ఏ ఇంజినీరుకూ తేలిక కాదు. అదే సొట్టను పౌచ్ కింద దాచి ఇచ్చారనుకోండి. పౌచ్ తీయగానే అది కనబడుతుంది, ఆపైన మీరు మైకు గురించి చెప్పే నిజం కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది.

సంబంధం లేని పాత గీటును చూపి వారంటీ మొత్తం కొట్టేస్తామంటే, ఆ సొట్టకూ ఈ లోపానికీ సంబంధం ఏమిటో కాగితం మీద రాసి ఇవ్వమనండి.

నిజంగా నీళ్లు తగలలేదు. కానీ సెంటరువాళ్లు తగిలాయి అంటున్నారు. ఏం చేయాలి?

ఇలాంటివి జరుగుతాయి. వానాకాలంలో బైకు మీద వెళుతుంటే ప్యాంటు జేబులో చెమ్మ చేరవచ్చు, స్నానాల గదిలో ఆవిరి పట్టవచ్చు, వంటింట్లో తడి చేతులతో ఎత్తి ఉండవచ్చు. ముందు మీరే నిదానంగా గుర్తుచేసుకోండి. గుర్తొస్తే ఆ మాట చెప్పండి. ఎంత గుర్తుచేసుకున్నా ఏమీ తట్టకపోతే, "నాకు తెలిసినంతలో తగలలేదు" అనండి. "అసలు తగలనే లేదు" అనే మాటకంటే ఇది నిజానికి దగ్గరగా ఉంటుంది, రేపు ఎక్కడ చెప్పినా నిలబడుతుంది.

తరువాత సాక్ష్యం అడగండి. రంగు మారిన స్టిక్కరు ఫోటో, బోర్డు మీద తుప్పు పట్టిన చోటు ఫోటో, తిరస్కరణకు కారణం రాసిన జాబ్ షీట్ (ఫోను తీసుకునేటప్పుడు సెంటరువాళ్లు వివరాలు రాసి ఇచ్చే కాగితం), ఈ మూడూ తీసుకోండి. ఫోను తెరవని సెంటరు, స్టిక్కరు ఒక్కటే చూసి తేల్చేస్తే, లోపల తెరిచి చూపమనండి. నోటిమాటగా చెప్పి పంపేస్తే ఒప్పుకోవద్దు.

అక్కడ తేలకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఈమెయిలు రాయండి. అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవాలనే నియమమూ లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. వస్తువులో లోపాన్ని పరీక్షించి తేల్చడానికి ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. ఆ దశలో మొదటి రోజు జాబ్ షీట్ మీద మీరు రాయించిన మాటలే మీకు బలం. అవి అబద్ధాలైతే అవే మీ కేసును కూలదోస్తాయి.

ఫోను వాడేది మా నాన్నగారు. ఏం జరిగిందో నాకు తెలియదు. ఏమని చెప్పాలి?

"వాడేది మా నాన్నగారు, ఏం జరిగిందో నాకు తెలియదు" అనే చెప్పండి. వెళ్లే ముందు ఆయనను ఒకసారి అడగండి. నిలదీసినట్టు అడిగితే పెద్దలు సిగ్గుపడి దాస్తారు, పిల్లలు భయపడి దాస్తారు. "పడితే పడింది, ఏం ఫర్వాలేదు, ఎక్కడ పడిందో చెబితే బాగుచేయడం తేలిక" అని అడిగితే చెబుతారు. తిట్లు తప్పించుకోవడానికి పిల్లవాడు ఇంట్లో చెప్పిన అబద్ధాన్ని, తెలియక కౌంటరు దగ్గర అప్పజెప్పిన తల్లిదండ్రులను ఎందరినో చూశాను. సిమ్ అరలోంచి నీటి చుక్క జారినప్పుడు వాళ్ల ముఖాలు చూడలేకపోయేవాణ్ని.

కొన్న దుకాణంలోనే "పడిందని చెప్పకండి" అన్నారు. వాళ్లకు తెలియదా?

తెలుసు. మీరు సంతోషంగా గడప దాటి వెళ్లడం వాళ్లకు కావాలి. ఆ సలహా బెడిసికొడితే జవాబు చెప్పుకోవాల్సింది మీరు, వాళ్లు కాదు.

అంత పెద్ద కంపెనీ. నా ఒక్క ఫోనుతో దానికి వచ్చే నష్టం ఎంత?

కంపెనీకి నష్టం లేదనే అనుకుందాం. ఆ భారం పడే మనుషులు వేరే ఉన్నారు.

మన ఊళ్లలో సర్వీస్ సెంటర్లు చాలావరకు కంపెనీ సొంతవి కావు, ఫ్రాంచైజీలు, అంటే కంపెనీ పేరుతో వేరేవాళ్లు నడిపేవి. వారంటీ కింద మార్చిన ప్రతి భాగానికీ ఫోటోలు, పాత భాగం కంపెనీకి పంపాలి. అక్కడ పరిశీలనలో "ఇది దెబ్బ తగిలిన బోర్డు" అని తేలితే ఆ ఖర్చు సెంటరు మీదే పడవచ్చు. మా సెంటరులో అలా పడినప్పుడు యజమాని అడిగింది ఫోను తీసుకున్న కుర్రవాడిని. నెల జీతానికి పనిచేసే ఆ అబ్బాయి, మీ మాట నమ్మినందుకు తలవంచుకుని నిలబడాల్సి వచ్చింది. అలా రెండుసార్లు దెబ్బతిన్నవాడు మూడోసారి ఎవరినీ నమ్మడు. నాలుగో మనిషి నిజంగా లోపమున్న ఫోను తెచ్చినా, నిజమే చెప్పినా, వాడి కళ్లలో అనుమానమే ఉంటుంది. ఈ జవాబుల్లో మీరు ఒక్కటే చదివేటట్టయితే ఇదే చదవండి.

ఇంకో సంగతి కూడా ఉంది. వెనక్కి వచ్చిన ఫోనులోని పనికొచ్చే భాగాలు మళ్లీ వాడకంలోకి రావచ్చు. వారంటీ కింద ఇచ్చే ఫోను వాడిన భాగాలతో బాగుచేసినది కావచ్చని కొన్ని కంపెనీలు తమ షరతుల్లోనే రాస్తాయి. నీళ్లు తగిలిన సంగతి దాచితే, ఏ భాగాన్ని పక్కన పడేయాలో అక్కడివాళ్లకు తెలిసే అవకాశం తగ్గుతుంది.

ప్రమాద నష్టానికి విడిగా ప్లాన్ కొన్నాను. అందులోనూ ఇవే మాటలా?

ఆ ప్లాన్ కొన్నదే ప్రమాదం కోసం. కాబట్టి ప్రమాదం జరిగిందని చెప్పడానికి వెనకాడవలసిన పనేమీ లేదు. అయినా "ప్రమాదం అంటే ఏమంటారో" అని భయపడి కథ మార్చి, వచ్చే సొమ్మును చేజేతులా పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మంచం మీద నుంచి పడితే మంచం మీద నుంచే పడిందనండి. మెట్ల మీద పడిందని మార్చవద్దు. సొట్ట ఒక కథ, మీరు ఇంకో కథ చెబితే క్లెయిమ్ ఆగిపోతుంది.

ముందు మూడు విషయాలు చూసుకోండి: ఎన్ని గంటల్లో లేదా రోజుల్లో తెలియజేయాలి, మీరు కట్టాల్సిన వాటా ఎంత, ఏడాదికి ఎన్ని క్లెయిములు. "ఎక్స్‌టెండెడ్ వారంటీ" పేరుతో అమ్మేది మామూలు వారంటీని మరో ఏడాది పొడిగించేది మాత్రమే కావచ్చు, అందులో ప్రమాదాలు ఉండకపోవచ్చు. ఇది కొనేటప్పుడే అడగాలి.

పోగొట్టుకున్న ఫోనును దొంగతనం అని రాయించడం మరింత ప్రమాదకరం. దొంగతనానికి పోలీసు ఫిర్యాదు కావాలి. ప్రభుత్వోద్యోగికి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద నేరం.

ఆన్‌లైన్‌లో కొన్నాను. మూడో రోజున చేయి జారింది. రిప్లేస్‌మెంట్ గడువు ఇంకా ఉంది. "ఇలాగే వచ్చింది" అనవచ్చా?

అనకూడదు. ఆ గడువు పాడై వచ్చిన వస్తువుకు, మన చేతిలో పాడైనదానికి కాదు. తీసుకువెళ్లడానికి వచ్చే డెలివరీ అబ్బాయి తెర చూసి, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) సరిపోల్చుకుంటాడు. వాడు చూడకుండా తీసుకుంటే గోదాములో మాట పడేది వాడికే. నిజంగా పగిలే వచ్చే పార్సిళ్లూ ఉంటాయి కాబట్టి, పెట్టె సీలు విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయడం అలవాటు చేసుకోండి.

అబద్ధం చెప్పి ఫోను మార్పించుకుంటే చట్టం ఏమంటుంది?

మోసంతో ఒకరి చేత వస్తువు ఇప్పించుకోవడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. 2024 జులై 1కి ముందు అందరికీ తెలిసిన 420 సెక్షన్ స్థానంలో వచ్చింది ఇదే. గరిష్ఠ శిక్ష ఏడేళ్ల జైలు, జరిమానా. ఒక్క ఫోను కోసం పోలీసులు మీ ఇంటికి వస్తారని బెదిరించడం నా ఉద్దేశం కాదు. చట్టం దాన్ని ఏ పేరుతో పిలుస్తుందో తెలియాలి కదా అని చెబుతున్నాను.

ఇప్పటికే దాచి ఫోను ఇచ్చేశాను. ఇప్పుడేం చేయను?

ఈరోజే ఫోను చేయండి. జాబ్ షీట్ నంబరు చెప్పి, "ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పలేదు, ఫోను పోయిన మంగళవారం బకెట్‌లో పడింది" అనండి. అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు. నాకు అలా ఫోను చేసి చెప్పినవాళ్లు కొందరే. వాళ్లలో ఒక్కరిని కూడా మేము చిన్నచూపు చూడలేదు. టెక్నీషియనుకు సగం పని తగ్గేది, ఎస్టిమేట్ త్వరగా వచ్చేది. ఖర్చు ఎక్కువనిపిస్తే బాగుచేయకుండానే ఫోను వెనక్కి తీసుకోవచ్చు. పరీక్ష రుసుము ఉంటే అది మాత్రం అడుగుతారు.

ముందు బయట షాపులో బాగుచేయించాను. అది కూడా చెప్పాలా?

చెప్పాలి. లోపలి స్క్రూల మీద గీతలు, మారిన జిగురు చూడగానే తెలిసిపోతాయి. ఏ షాపు, ఏ భాగం, ఎప్పుడు మార్చారో చెప్పండి. బిల్లు ఉంటే తీసుకువెళ్లండి.

అమెరికాలో ఉండే మా అబ్బాయి పంపిన ఫోను. ఇక్కడ వారంటీ అడగవచ్చా?

కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి ఉంటుంది. అక్కడి మోడల్‌కు ఇక్కడ విడిభాగాలు దొరకకపోవచ్చు. ఇక్కడే కొన్నానని చెప్పి పాత బిల్లేదో చూపవద్దు. ఐఎంఈఐ కొట్టగానే ఫోను ఏ దేశానిదో తెరమీద వస్తుంది. ఆ నంబరు తెలుసుకోవాలంటే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే చాలు.

తడిసిన వెంటనే ఇంట్లో ఏం చేయాలి?

స్విచాఫ్ చేయండి. ఛార్జరు పెట్టవద్దు. సిమ్ అర తీసి, మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, గాలి తగిలేచోట ఉంచండి. బియ్యం డబ్బాలో పెట్టవద్దు. బియ్యపు నలుసులు ఫోనులోకి చేరి హాని చేయవచ్చని ఆపిల్ సంస్థ కూడా తన సూచనల్లో హెచ్చరించింది. హెయిర్ డ్రయ్యరు వేడి కూడా వద్దు. ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా సెంటరుకు చేరండి.

కౌంటరు దగ్గర సరిగ్గా ఏమని చెప్పాలి?

నాలుగు ముక్కలు చాలు: ఏం జరిగింది, ఎప్పుడు, ఆ తరువాత ఫోను ఎలా ఉంది, ఈలోగా మీరేం చేశారు. "ఆదివారం సాయంత్రం వంటింట్లో సింకులో పడింది. వెంటనే తీశాను. రాత్రంతా పనిచేసింది. సోమవారం ఛార్జింగ్ పెడితే వేడెక్కి ఆగింది. మళ్లీ ఆన్ చేయలేదు." ఇంతే. కౌంటరులోని వ్యక్తి జాబ్ షీట్ మీద "ఆన్ కావడం లేదు" అని మాత్రమే రాస్తే, మీరు చెప్పినదంతా రాయమనండి. ఫోను బయటి స్థితి, ఉన్న గీట్లు, సొట్టలు వాళ్ల ముందే ఫోటో తీసుకోండి. సిమ్, మెమరీ కార్డు తీసి జేబులో వేసుకోండి. ఫోను పనిచేస్తుంటే ఫోటోలు ముందే వేరేచోట భద్రపరచండి. జాబ్ షీట్ మీద సంతకం పెట్టే ముందు రాసింది మొత్తం చదివి, మీ కాపీ తీసుకుని బయలుదేరండి.